చెరువు గట్టు మీద కవిత్వం, జీవశాస్త్రం: తరచుగా అడిగే ప్రశ్నలు

కార్తెకు ఒకసారి, అంటే సుమారు రెండు వారాలకోసారి, తెల్లవారకముందే మా ఊరి చెరువు గట్టు మీద కొంతమందిమి కలుస్తాం. నడుస్తాం, కూర్చుంటాం, చూసింది రాస్తాం, రాసింది పైకి చదువుతాం. మాలో జంతుశాస్త్రం బోధించేవారు ఉన్నారు, పద్యాలు కట్టేవారు ఉన్నారు, చేపలు పట్టేవారు, బడి పిల్లలు, పెన్షనర్లు ఉన్నారు. కొత్తగా రావాలనుకునేవారి సందేహాలు మాత్రం ఏళ్లు గడిచినా మారడం లేదు. అందుకే అన్నిటినీ వాళ్లు అడిగిన మాటల్లోనే ఒకచోట పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమవుతుంది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

## రావాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

ఇంతకీ ఇది కవి సమ్మేళనమా, సైన్సు క్లాసా?

ఒక్క ఉదాహరణ చెబుతాను. పూత మీద ఉన్న తంగేడు పొద దగ్గర నిలబడండి. నల్లని పెద్ద తుమ్మెద వస్తుంది. ఎగిరేటప్పుడు దాని రొద బొంగురుగా ఉంటుంది. పువ్వు మీద వాలగానే ఆ రొద ఆగి, సన్నగా, పదునుగా మరో శబ్దం మొదలవుతుంది. తంగేడు పువ్వులో తేనె ఉండదు. పుప్పొడి తిత్తులు మూసుకుని ఉంటాయి, కొనన చిన్న రంధ్రం మాత్రమే ఉంటుంది. తుమ్మెద ఆ తిత్తిని గట్టిగా పట్టుకుని, రెక్కలు ఆడించకుండానే రెక్కల కండరాలను అదరగొడుతుంది. ఆ అదురుకు పుప్పొడి పొడిపొడిగా దాని పొట్ట మీద రాలుతుంది. మనం విన్న రెండో శబ్దం ఆ అదురే.

ఇది తెలిశాక తంగేడు మీద 'తేనె కోసం వాలిన తుమ్మెద' అని ఎవరూ రాయలేరు. పువ్వు తలుపు తెరవాలంటే ఏ స్వరంలో అడగాలో తుమ్మెదకు తెలుసని రాయగలరు. ఈ రెండు వాక్యాల మధ్య దూరం దాటించడమే మేము చేసే పని. దాన్ని సమ్మేళనమనుకున్నా, క్లాసనుకున్నా మాకు అభ్యంతరం లేదు.

నాకు ఛందస్సు రాదు. గణాలు, యతులు తెలియనివారు రావచ్చా?

రావచ్చు. వచ్చేవారిలో ఎక్కువ మంది వచనంలోనే రాస్తారు. నేర్చుకోవాలన్న కోరిక ఉంటే ఆటవెలదితో మొదలుపెట్టిస్తాం. మొదటి, మూడో పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, రెండో, నాలుగో పాదాల్లో అయిదేసి సూర్యగణాలు. నడుస్తూ అడుగుల లెక్కతో చెప్పుకుంటే అరగంటలో చెవికి పట్టుబడుతుంది. మన వృత్తాల పేర్లు ఒకసారి గుర్తు చేసుకోండి: ఉత్పలమాల, చంపకమాల, మత్తేభం, శార్దూలం, మత్తకోకిల. కలువలు, సంపెంగలు, ఏనుగు, పులి, కోయిల. ఛందస్సు నేర్పిన పెద్దలు మనల్ని పువ్వులు, జంతువుల మధ్యనుంచే నడిపించారు.

నా సైన్సు పదో తరగతితోనే ఆగిపోయింది. నాకు అర్థమవుతుందా?

పదో తరగతి చాలా ఎక్కువ. చూడడం, లెక్కపెట్టడం, 'ఎందుకు' అని అడగడం వస్తే చాలు. మిగతాది గట్టు మీద ఎవరో ఒకరు చెబుతారు.

మా అవ్వకు చదువు రాదు. ఆమెను తీసుకురావచ్చా?

తప్పకుండా తీసుకురండి. మేము అందరికంటే ఎక్కువగా ఎదురుచూసేది అలాంటివారి కోసమే. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలయ్యే తొమ్మిది రోజుల్లో ఏ గట్టున తంగేడు దొరుకుతుందో, ఏ చేలో గునుగు తెల్లగా పూస్తుందో, ఏ పువ్వు సాయంత్రానికి వాడిపోతుందో ఆ పాటలు పాడే స్త్రీలకు తెలిసినట్టు పుస్తకం చదివినవారికి తెలియదు. గునుగు రైతుకు కలుపు మొక్క, బతుకమ్మలో పూలవరుస. ఈ రెండు సంగతులూ ఒకే నోట విన్నది నేను ఒక అవ్వ దగ్గరే. ఆమె చెప్పినది పక్కనున్నవారు రాసి, ఆమెకే చదివి వినిపించి, సరేనన్నాకే నోటు పుస్తకంలో ఎక్కించారు. మీ అవ్వ మాటకూ అదే పద్ధతి.

పిల్లలను ఏ వయసు నుంచి తీసుకురావచ్చు?

ఏడేళ్ల నుంచి, వెంట పెద్దవారు ఉండాలి. అంతకన్నా చిన్నవారు వస్తే వద్దనం కానీ, మౌనంగా కూర్చునే సమయంలో వారిని కాస్త దూరంగా ఆడించడానికి మీరు సిద్ధపడాలి.

నాకు చూపు లేదు. పక్షులను చూసే నడకలో నేనేం చేయాలి?

తెల్లవారుజామున చెరువు దగ్గర కంటికి కనిపించేదాని కన్నా చెవికి వినిపించేది ఎన్నో రెట్లు ఎక్కువ. చీకటి ఉండగానే జెముడు కాకి గొంతు లోతుగా 'ఊప్ ఊప్' అంటుంది. దానికి జవాబు ఏ వైపు నుంచి వచ్చిందో చూపున్నవారు చాలాసార్లు తప్పు చెబుతారు. ఇలా వచ్చే ఒక పెద్దాయన చెట్లను బెరడు తడిమి గుర్తుపడతారు. నల్లమద్ది బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా ఉంటుంది, తెల్లమద్ది నున్నగా చేతికి జారుతుంది. ఆయన రాయించిన ఒక కవితలో గాలి వేప మీద నుంచి వచ్చిందా, తాటి మీద నుంచి వచ్చిందా అన్నది శబ్దంతోనే తెలుస్తుంది. అది విన్న తర్వాత మేమంతా ప్రతి నడకలో పది నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చోవడం మొదలుపెట్టాం. గట్టు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు చేయి పట్టుకోవడానికి ఒకరు మీతోనే ఉంటారు.

డబ్బు కట్టాలా? పేరు నమోదు చేసుకోవాలా?

రెండూ అవసరం లేదు.

ప్రతి ఆదివారం అనకుండా కార్తెల లెక్క ఎందుకు పెట్టుకున్నారు?

కార్తెలు 27. ఒక్కొక్కటి పదమూడు, పద్నాలుగు రోజులు ఉంటుంది. నెల మారితే గోడ మీద క్యాలెండర్ మారుతుంది, కార్తె మారితే నేల మీద ఏదో ఒకటి మారుతుంది. రోహిణిలో రోళ్లు పగులుతాయన్నారు. జూన్ 8 ప్రాంతంలో మృగశిర వస్తుంది. నెలాఖరు వైపు ఆరుద్ర రాగానే తడిసిన ఎర్రనేల మీద ముఖమల్ గుడ్డ ముక్కల్లాంటి ఆరుద్ర పురుగులు తిరుగుతాయి. ఆ పురుగు ఏ కార్తెలో బయటికి వస్తుందో పేరే చెబుతోంది. ఎన్నో తరాలు కనిపెట్టి చూస్తే తప్ప అలాంటి పేరు పుట్టదు.

స్వాతి, విశాఖ కార్తెల నాటికి ఉత్తరాది నుంచి చలికాలపు బాతులు దిగుతాయి. వేసవి ముదిరేసరికి వెళ్లిపోతాయి. అదే గట్టు మీద 27 సార్లు నిలబడినవారికి సంవత్సరం చుట్టూ తిరిగి రావడం అనుభవంలోకి వస్తుంది. కార్తె ప్రవేశించిన తర్వాత వచ్చే మొదటి సెలవు రోజున, సూర్యోదయానికి అరగంట ముందు కలుస్తాం.

## గట్టు మీద

ఏం తెచ్చుకోవాలి?

నోటు పుస్తకం, పెన్సిల్ (తడిసినా రాత చెదరదు), మంచినీళ్లు, టోపీ. మట్టి రంగు, ఆకుపచ్చ బట్టలు మంచివి. అత్తరు పూసుకోవద్దు. దుర్భిణి ఉంటే తెండి, లేకపోతే మా దగ్గరున్న రెండింటిని వంతులవారీగా చూస్తాం.

పాములుంటాయేమోనని భయంగా ఉంది.

ఉంటాయి. చెరువు ఉన్నచోట కప్ప ఉంటుంది, కప్ప ఉన్నచోట పాము ఉంటుంది. బూట్లు వేసుకుని, అడుగు వేసే చోటు చూసుకుంటూ, గడ్డిలో చేతులు పెట్టకుండా నడిస్తే అవే తప్పుకుంటాయి. మనిషి అడుగుల అదురు వాటికి ముందే తెలుస్తుంది. ఎవరికైనా కాటు పడితే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం చేయకూడదు. కాటు పడిన చేయిని లేదా కాలిని కదలకుండా ఉంచి, 108కి ఫోను చేసి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ప్రతి నడకకు ముందు ఈ నాలుగు మాటలూ అందరికీ మళ్లీ చెబుతాం.

ఫోనులో యాప్ క్షణంలో పేరు చెప్పేస్తుంది కదా. ఇంక చేపలు పట్టే తాతను అడగడం ఎందుకు?

యాప్ వాడండి, మేమూ వాడతాం. మెర్లిన్ కూతను విని పక్షిని చెబుతుంది, ఐనాచురలిస్ట్ ఫోటో చూసి మొక్కను చెబుతుంది. అయితే ఆ పేరు ఎక్కువగా ఇంగ్లిషులోనో లాటిన్‌లోనో వస్తుంది. ఈ గట్టు మీద ఆ ప్రాణిని ఏమంటారో, ఎప్పుడు వస్తుందో, ఏం తింటుందో చెప్పేది తాతే.

ఒక నడకలో ఒక అమ్మాయి కొంగను చూసి, ముక్కు సగం తెరిచి ఏదో చెప్పబోయి ఆగిపోయిందని రాసింది. వల ఆరబెట్టుకుంటున్న తాత విని, "ఆగిపోలేదమ్మా, దాని ముక్కే అంత. అది నత్తగుల్ల కొంగ, నత్తలు తినేది" అన్నాడు. దగ్గరికి వెళ్లి చూశాం. ముక్కు మూసినా మధ్యలో వెలుతురు కనిపించేంత సందు ఉంది. చెరువు నత్తలు దాని ప్రధాన ఆహారం. పిల్లలకు ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ ఏర్పడుతుంది. మరుసటి నడకకు ఆ అమ్మాయి కవిత మార్చి తెచ్చింది. అందులో సందు ఉంది, నత్త ఉంది, తాత కూడా ఉన్నాడు.

కలివికోడి కథ దీనికన్నా పెద్దది. 1848లో జెర్డాన్ అనే ఇంగ్లిషు వైద్యుడు దాని గురించి రాశాడు. 1900 తర్వాత అది ఎవరికీ కనిపించలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. కలివి పొదల మధ్య రాత్రిపూట తిరిగే ఆ పక్షిని కడప జిల్లా లంకమల ప్రాంతంలోని వారు మాత్రం పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నారు. శాస్త్రవేత్తలు ఊరూరా బొమ్మలు చూపించి అడిగారు. 1986 జనవరిలో ఐతన్న అనే స్థానిక వేటగాడు దాన్ని పట్టి చూపించాడు. ఆ తర్వాతే అక్కడ అభయారణ్యం వచ్చింది. పేరు బతికి ఉంది కాబట్టి పక్షి దొరికింది. ఒక ఊరి నుంచి ఒక పేరు పోతే ఎంత పోయినట్టో ఆ కథ విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టనంతగా తెలుసు. అందుకే తాతను అడుగుతాం.

ఇరవై నిమిషాలు కదలకుండా, మాట్లాడకుండా కూర్చోమంటారట. ఏమీ కనిపించకపోతే?

మొదటి అయిదు నిమిషాలు నిజంగానే ఏమీ కనిపించదు. మనం వచ్చిన అలికిడికి అన్నీ సర్దుకుని దాక్కుని ఉంటాయి. పది నిమిషాలయ్యాక రెల్లు కదలడం మొదలవుతుంది.

ఒక ఏడో తరగతి అబ్బాయి నీటి మీదికి వంగిన తుమ్మ చెట్టుకు ఎదురుగా కూర్చున్నాడు. కొమ్మకు గిజిగాడి గూడు సగమే వేలాడుతోంది, శిరస్త్రాణం ఆకారంలో. గూడు కట్టేది మగపిట్ట. సగం కట్టి, దానికే వేలాడుతూ రెక్కలు కొట్టి ఆడపిట్టను పిలుస్తుంది. ఆడపిట్ట లోపలికి వెళ్లి చూసుకుంటుంది. నచ్చితేనే మిగతా సగం, కిందికి దిగే గొట్టం మగపిట్ట కడుతుంది. ఇవేవీ ఆ అబ్బాయికి ముందు తెలియవు. అతడు రాసింది ఇదే: 'ఆడపిట్ట వచ్చింది. లోపల చూసింది. వెళ్లిపోయింది. మగపిట్ట మళ్లీ గడ్డి కోసం వెళ్లింది.' ఒక్క విశేషణం కూడా లేదు. మాలో చాలామందికి ఆ రోజు గొంతు పట్టేసింది.

తీతువు అరిస్తే కీడంటారు. మా ఇంట్లోవాళ్లు వెనక్కి వచ్చేయమన్నారు.

ఆ భయాన్ని మేము తేలిగ్గా తీసుకోం, అది ఎన్నో ఇళ్లలో ఉంది. ఒకసారి మా తలల మీద తీతువు గిరగిరా తిరుగుతూ గొంతు చించుకుంది. ఇద్దరు నిజంగానే వెనక్కి తిరిగారు. మాతో ఉన్న జంతుశాస్త్రం మేడమ్ అందరినీ ఉన్నచోటే ఆగమని, పాదాల ముందు చూడమన్నారు. నాలుగడుగుల దూరంలో గులకరాళ్ల మధ్య నాలుగు గుడ్లు, మొనలు లోపలికి పెట్టి, రాళ్ల రంగులోనే ఉన్నాయి. ఇంకో అడుగు వేసి ఉంటే తొక్కేసేవాళ్లం.

తీతువు గూడు కట్టదు, కటిక నేల మీద గుడ్లు పెడుతుంది. ఎండ మండిపోతుంటే నీటిలోకి వెళ్లి పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. మనిషి, కుక్క, పాము ఎవరు దగ్గరికి వచ్చినా అరుస్తుంది. రాత్రివేళ దారిలో ఎవరైనా నడిస్తే ఊరి చివర అది అరిచేది అందుకే. వెనక్కి తిరిగిన ఇద్దరిలో ఒకామె ఆ గుడ్ల మీద రాసిన నాలుగు పాదాలు తన అత్తగారికి చదివి వినిపించారు.

గూడు కనిపిస్తే దగ్గరికి వెళ్లి ఫోటో తీసుకోవచ్చా?

వద్దు. తల్లి కొంగ లేచిపోతే కాకులు గుడ్లు ఎత్తుకుపోవడానికి కొన్ని నిమిషాలు చాలు. ఎర్రకాళ్ల కొంగలు మిట్టమధ్యాహ్నం రెక్కలు విప్పి పిల్లలకు నీడ పడతాయి. ఆ నీడ తప్పితే పిల్లలు ఎండకు తట్టుకోలేవు. ఫోనులో పక్షి కూత వినిపించి దాన్ని రప్పించడం కూడా మానుకోండి, తన చోటులోకి శత్రువు వచ్చిందని అది కంగారుపడుతుంది.

ఈ విషయంలో తప్పు మేమే చేశాం. మొదటి ఏడాది కవితా పఠనం ఘనంగా ఉండాలని గట్టు మీద మైకు పెట్టాం. రెండో కవిత పూర్తయ్యేసరికి ఎదుటి తుమ్మల మీదున్న కొంగలు మొత్తం లేచిపోయాయి. వాటి గురించే రాసిన కవితలతో వాటినే తరిమాం. ఆ రోజు నుంచి మైకు లేదు. చదివేవారి చుట్టూ దగ్గరగా కూర్చుని వింటాం.

రాలిన ఈకలు, ఆరుద్ర పురుగులు ఇంటికి తీసుకెళ్లవచ్చా?

రెండూ అక్కడే ఉండాలి. ఆరుద్ర పురుగును అరచేతిలో పెట్టుకుని కాళ్లు లెక్కపెట్టండి: ఎనిమిది. అంటే అది కీటకం కాదు, సాలీళ్ల, తేళ్ల చుట్టం. పిల్లగా ఉన్నప్పుడు ఆరు కాళ్లతో మిడతల వంటి కీటకాలను అంటిపెట్టుకుని బతుకుతుంది. పెరిగాక నేలలో ఉంటూ చెదలను, పురుగుల గుడ్లను తింటుంది. ఏడాదిలో కొన్ని రోజులే బయటికి వస్తుంది. చూసి, తీసిన చోటే వదిలేయండి.

## రాసేటప్పుడు

పోలికలు వాడవద్దంటారట. పోలిక లేకపోతే కవిత్వమెలా అవుతుంది?

మొదటి రాతలో మాత్రమే వద్దంటాం. నోటు పుస్తకంలో పేజీ మధ్యలో ఒక గీత గీయిస్తాం. ఎడమవైపు చూసింది: ఎన్ని, ఏ వేళ, ఏం చేస్తున్నాయి. కుడివైపు తోచింది. ఎడమవైపు నిండేదాకా కుడివైపు తెల్లగా ఉండాలి. ఎందుకంటే 'పచ్చని తివాచీ', 'ప్రకృతి ఒడి', 'పక్షుల కిలకిలారావాలు' వంటివి చూడకముందే చేతికి వచ్చేస్తాయి. ఏ పక్షి? ఏం పలికింది? ఎవరితో? ఈ మూడింటికి జవాబు రాసినవారికి తర్వాత వచ్చే పోలిక ఇంకెవరికీ రాదు.

'కోయిలమ్మ పాడింది' అని రాస్తే తప్పని కొట్టేశారు. చిన్నప్పటి నుంచి అలాగే పాడుకున్నాం కదా?

మీ బాధ అర్థమవుతుంది. కొట్టేయకూడదు, పక్కన ఒక ప్రశ్న రాయాలి. 'కుహూ' అని పాడేది మగ కోయిల, నల్లగా, ఎర్రని కళ్లతో ఉంటుంది. ఆడ కోయిల గోధుమ రంగు మీద తెల్ల చుక్కలతో ఆకుల్లో కలిసిపోతుంది. దాని గొంతు 'కిక్ కిక్ కిక్' అని కరుకుగా ఉంటుంది. పాట పాడి కాకిని రెచ్చగొట్టేది ఒకరు, ఆ సందులో కాకి గూటిలో గుడ్డు పెట్టేది ఇంకొకరు. ఇంత నాటకం ఉండగా మనం ఒక్క అమ్మతోనే ఎందుకు సరిపెట్టుకోవాలి?

ఇంకో ముచ్చట. నిఘంటువులో కోయిలకు 'పరభృతం' అని పేరుంది, పరుల చేత పెంచబడినది అని అర్థం. ఆ పేరు పెట్టినవారు కాకి గూటిని దగ్గరగా చూసినవారే.

చకోరం వెన్నెల తాగదు, హంస పాలను నీటిని వేరు చేయదు. మరి పాత కావ్యాలన్నీ పక్కన పెట్టాలా?

పెట్టకూడదు. కావ్యాల్లో కవిసమయాలూ (కవులు ఆనవాయితీగా చెప్పుకునే కల్పనలు) ఉన్నాయి, కళ్లారా చూసినవీ ఉన్నాయి. రెండింటినీ విడదీసి చదవడం మాకు చాలా ఇష్టమైన పని. జక్కవలు రాత్రిపూట విడిపోయి దుఃఖిస్తాయన్నది కవిసమయం. అవి లడఖ్, టిబెట్ వైపు గుడ్లు పెట్టుకుని చలికాలంలో మన నీళ్లకు వచ్చే బాతులు. చీకటిలో వాటి పిలుపు విన్నవారెవరో విరహమనుకున్నారని నాకనిపిస్తుంది.

కళ్లారా చూసినదానికి పదహారో శతాబ్దపు ఆముక్తమాల్యదలోని బాతుల పద్యం చాలు. విల్లిపుత్తూరులో వరిమళ్ల కాలువలో బాతులు తలలు రెక్కల్లో దూర్చి నిద్రపోతుంటాయి. తెల్లవారుజామున స్నానం చేసి వెళ్లిన బ్రాహ్మణులు పిండి మరిచిపోయిన బట్టలనుకుని, వాటిని తిరిగి ఇవ్వడానికి తలారులు రేవులోకి దిగుతారు. బాతులు ఒక్కసారిగా పారిపోతాయి. చేలకు కాపలా ఉన్న అమ్మాయిలు చూసి నవ్వుతారు. నీటిపక్షి తల వెనక్కి తిప్పి ముక్కును వీపు ఈకల్లో దాచుకునేది ఒంటి వేడి పోకుండా ఉండడానికి. బాతులు ఒక కన్ను తెరిచి, మెదడులో సగం మేల్కొని నిద్రపోగలవని ఇప్పటి పరిశోధనలు చెబుతున్నాయి. తలారులు దిగగానే అవి అంత వేగంగా ఎలా లేచాయో దానితో తెలుస్తుంది. రాయలవారు ఏ కాలువ గట్టునో ఓపికగా నిలబడి చూశారని ఆ పద్యం చదివిన ప్రతిసారీ నమ్ముతాను.

గుర్రపుడెక్క పువ్వు ఎంతో అందంగా ఉంది. దాని మీద రాస్తే ఏమైనా అనుకుంటారా?

రాయండి. ఊదారంగు రేకు మీద నెమలికన్ను లాంటి పసుపు చుక్క నిజంగా అందమైనదే. దానితో పాటు ఆ ఆకుల కింద ఏం జరుగుతోందో కూడా చూడండి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ మొక్క అనువైన చోట రెండు వారాల్లోనే రెట్టింపవుతుంది. నీటికి వెలుతురు అందదు, ప్రాణవాయువు తగ్గుతుంది, చేప తేలుతుంది, పడవ కదలదు. అదే ఆకుల మీద పొడవాటి వేళ్లతో నీటికోడి జాతి పక్షులు నడుస్తూ మేత వెతుక్కుంటాయి. అందం, ఊపిరాడకపోవడం ఒకే చోట ఉన్నప్పుడు ఏదో ఒకటి దాచి రాయడం కన్నా రెండింటినీ భరించి రాయడం కష్టం. ఆ కష్టమే మీ నుంచి కోరుకుంటున్నాం. గుర్రపుడెక్క మీద మా పుస్తకంలో ఉన్న మంచి కవిత పడవ కదలక ఇంటికి వెళ్లిపోయిన ఒకరు చెబితే రాసినది.

కవితలో శాస్త్రీయ నామాలు పెట్టాలా?

కవితలో వద్దు. పేజీ అడుగున రాయండి, ఏ మొక్క గురించి రాశారో ఇంకో ఊరివారికీ స్పష్టంగా తెలుస్తుంది. ఒకే పేరును ఒక్కో జిల్లాలో ఒక్కో మొక్కకు వాడడం మామూలే.

నా కవితలో తప్పుందని అందరి ముందు చెబుతారా?

తప్పు అని ఎవరూ అనరు. "ఇది ఎక్కడ చూశారు?" అని ఒక్క ప్రశ్న అడుగుతారు. చూసి ఉంటే మీరే చెబుతారు, చూడకపోతే మీకే తెలుస్తుంది. మీరు చూసినదే నిజమై, పుస్తకం చెప్పింది పొరపాటైన సందర్భాలు కూడా వచ్చాయి.

కంప్యూటర్‌తో రాయించిన కవిత తెచ్చి చదవవచ్చా?

వద్దు. అది గట్టు మీద కూర్చోలేదు.

## రాసిన తర్వాత

రాసినవన్నీ ఏమవుతాయి? హక్కులు ఎవరివి?

మీవే. మీరు ఒప్పుకుంటే ఒక ప్రతిని పెద్ద నోటు పుస్తకంలో మీ చేతిరాతతోనే ఎక్కిస్తాం. కార్తెల వారీగా పేజీలున్న ఆ పుస్తకం ఊరి గ్రంథాలయంలో ఉంటుంది. ఏ కార్తెలో ఏ పువ్వు పూసిందో చూసుకోవడానికి దాన్ని తిరగేసేవారూ ఉన్నారు, కవిత కోసం తిరగేసేవారూ ఉన్నారు.

మేము రాసిన లెక్కలు శాస్త్రవేత్తలకు పనికొస్తాయా?

వస్తాయి. పక్షుల లెక్కలు ఈబర్డ్‌లో, చెట్ల పూత, కాత వివరాలు సీజన్‌వాచ్‌లో, అంటే ఎవరైనా లెక్కలు పంపగల ఆన్‌లైన్ వేదికల్లో, నమోదు చేస్తాం. అక్కడ వేలమంది మామూలు మనుషులు పంపిన లెక్కల నుంచే పక్షుల రాకపోకలు, పూతల కాలం ఎలా మారుతున్నాయో తెలుస్తోంది. 'చాలా పక్షులు' అని కాకుండా 'నత్తగుల్ల కొంగలు 14' అని రాయమని పట్టుబట్టేది అందుకే.

ఇంకొకటి ఉంది, చాలామందికి తెలియదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో, మున్సిపాలిటీలో జీవవైవిధ్య నిర్వహణ కమిటీ ఉండాలి, అది ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ తయారు చేయాలి. ఆ ఊరి మొక్కలు, జంతువులు, వాటి గురించి ఊరివారికి తెలిసిన సంగతులు అందులో రాయాలి. మీ అవ్వ చెప్పిన పేరు, తాత చెప్పిన నత్త సంగతి అక్కడికి చేరాలి. మీ పంచాయతీ కార్యాలయానికి వెళ్లి ఆ రిజిస్టర్ చూపించమని అడగండి.

మా ఇంట్లో పంజరంలో రామచిలుక ఉంది. దాని మీద కవిత రాశాను. దాన్ని కూడా తీసుకురానా?

కవిత తీసుకురండి. చిలుకను అలా ఉంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. మీకది తెలియకపోవచ్చు, ఎంతో ప్రేమగానే పెంచి ఉంటారు. ఏళ్ల తరబడి పంజరంలో ఉన్నదాన్ని ఒక్కసారిగా వదిలేస్తే మేత వెతుక్కోలేదు, అందుకే అటవీ శాఖకు అప్పగించాలి. ఒకామె అలాగే అప్పగించి వచ్చి, ఖాళీ పంజరం తలుపు మీద ఆరు పాదాలు రాశారు. చదువుతూ ఏడ్చారు. ఎవరూ ఓదార్పు మాట అనలేదు, పక్కన కూర్చున్నారు.

## మీ ఊరిలో మొదలుపెట్టాలంటే

మాది హైదరాబాదులో అపార్ట్‌మెంట్. ఇక్కడ ప్రకృతి ఎక్కడుంది?

సాయంత్రం వీధి దీపం కింద నిలబడండి. పురుగుల కోసం చిన్న గబ్బిలాలు వస్తాయి, మనకు వినపడని కేకలు వేసి వాటి ప్రతిధ్వనితో దారి చూసుకుంటాయి. 1941 నాటి జాషువా గబ్బిలం కావ్యంలో కథానాయకుడు తన బాధను కాశీ విశ్వనాథుడికి చెప్పమని ఈ ప్రాణినే పంపాడు. గుడి గడప తొక్కనివ్వని మనిషికి, గుడి కప్పుకు వేలాడుతూ దేవుడి చెవికి దగ్గరగా ఉండే ప్రాణి దూత అయింది. గబ్బిలం ఎక్కడ నివసిస్తుందో ఎరిగిన కవి మాత్రమే అలా ఎంచుకోగలడు.

నగరంలో నీళ్లు కావాలంటే అమీన్‌పూర్ చెరువుకు వెళ్లండి. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు.

ఆంధ్ర వైపు ఎక్కడికి వెళ్లవచ్చు?

గుంటూరు దగ్గర ఉప్పలపాడు, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం, నెల్లూరు వైపు నేలపట్టు, పులికాట్, కాకినాడ దగ్గర కోరింగ మడ అడవులు, విశాఖ దగ్గర కొండకర్ల ఆవ, కొల్లేరు. తేలినీలాపురంలో గూడబాతులను ఊరివారే ఆడపడుచులు పుట్టింటికి వచ్చినట్టు చూసుకుంటారు. అక్కడికి వెళితే ముందు ఊరివారితో మాట్లాడండి, తర్వాతే దుర్భిణి తీయండి.

మేము అమెరికాలో ఉన్నాం. తెలుగులోనే రాయాలంటే ఏం రాయాలి?

మీ పెరట్లో ఉన్నదే రాయండి. అమెరికాలో మన కోయిల లేదు. వసంతంలో తెల్లవారకముందే మీ కిటికీ బయట పాడేది బహుశా ఎర్రని రొమ్ముతో ఉండే రాబిన్. దానికి తెలుగు పేరు లేదు. మీ పిల్లలతో కూర్చుని, దాని రంగో, కూతో, నడకో చూసి ఒక పేరు పెట్టండి. లకుముకి పిట్టకు, పాలపిట్టకు కూడా ఎవరో ఒకరు అలా పెట్టినవే.

మొదలుపెట్టడానికి ఎంతమంది ఉండాలి? ఎవరి అనుమతి కావాలి?

ఇద్దరు చాలు, ఒకరు చూస్తే ఒకరు రాస్తారు. ఊరి చెరువైతే పంచాయతీకి, చేపల సొసైటీవారికి ముందుగా ఒక మాట చెప్పండి. అభయారణ్యమైతే అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. మొదటి నడకకు ఆరుద్ర కార్తె మంచిది. మంచి వాన పడిన మరుసటి ఉదయం వెళ్లండి. గట్టు కింద నీటి గుంటల్లో పెద్ద కప్పలు నిమ్మపండు రంగుకు మారి, గొంతు కింద రెండు నీలి తిత్తులు ఉబ్బించి అరుస్తుంటాయి. అవన్నీ మగవి. ఆడ కప్ప నీటి అంచున మౌనంగా ఉంటుంది. దాన్ని వెతకండి.